నలుగు గిన్నెలో సున్నం

నా చిన్నప్పుడు మా ఖిల్లా ఘణపురంలో ఏ ఇంట్లో పెళ్ళి కుదిరినా, పంతులుగారికి కబురు వెళ్ళిన పూటే ఖాలాకూ కబురు వెళ్ళేది. ముహూర్తం చూడడం ఆయన వంతు, పెళ్ళికూతురి ముఖం చూసుకోవడం ఈమె వంతు. ఖాలా అంటే వాళ్ళ మాటలో పిన్ని. అసలు పేరేమిటో మాకెవరికీ తెలియదు. ముసల్మానుల ఇళ్ళలోనూ మా ఇళ్ళలోనూ ఆమె ఖాలాయే. గుట్ట కింది సందులో ఒక్క గదిలో ఉండేది. భర్త గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్ళు తిరుగుతూ తిరుగుతూ ఏదో జ్వరం తగిలి పోయాడట. పిల్లలు లేరు. చిన్నతనంలో హైదరాబాదులో ఒక నవాబు దేవిడీలో బేగముల దగ్గర పనిచేసి ఈ విద్య నేర్చుకుందని మా అమ్మ చెప్పేది.

నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధమేమీ కాదు. కూరలో ఉప్పు మొదలుకుని ఊళ్ళో తగాదాల దాకా నేను తలదూర్చని సంగతి లేదు. ఈ ఒక్క సంగతి దగ్గరే నా నోరు పడిపోయింది. ఎనభై దాటి ఎన్నో ఏళ్ళయింది, ఇంకా దాచుకుని ఏం చేసుకుంటాను? చెప్పేస్తాను, వినండి.

ఖాలా పని తీరు వేరు. పెళ్ళికి మూడు రోజుల ముందే వచ్చేది, కానీ మొదటి రోజు ముఖానికి ఏమీ పెట్టేది కాదు. పెళ్ళికూతురిని వాకిట్లో వెలుతురు పడే చోట కూర్చోబెట్టి మెడ చూసేది, చెవుల వెనక చూసేది, మోచేతి మడత చూసేది. "మొఖం అందరు జూస్తరు, నేను మెడ జూస్త" అనేది. మెడ రంగు ఒకటి, ముఖం రంగు ఒకటి అయితే మనిషి అరువు తల తగిలించుకున్నట్టు కనిపిస్తుందని ఆమె లెక్క. తను తెచ్చిన ప్రతి వస్తువూ, చందనమైనా శనగపిండైనా, పట్నం నుంచి తెప్పించిన, ముఖానికి రాసుకునే స్నో అయినా, మోచేతి మడతలో చుక్క పెట్టి తెల్లవారి చూసేది. అక్కడ దద్దురు గానీ దురద గానీ లేకపోతేనే ముఖం దాకా రానిచ్చేది. పౌడరు వేసే ముందు కొబ్బరినూనె పల్చగా రాసి, మెత్తటి పాతగుడ్డతో అద్ది తీసేది. పొడి ముఖం మీద పౌడరు కొడితే మట్టిగోడకు సున్నం కొట్టినట్టు పగుళ్ళు తేలతాయట. సుర్మా కంటి లోపలి మూల నుంచి వెంట్రుకవాసి సన్నగా లాగేది. అంతా అయ్యాక పెళ్ళికూతురిని పందిట్లోకి తీసుకెళ్ళి, అక్కడి వెలుతురులో ఇంకోసారి చూసుకునేది. గదిలో బాగున్న ముఖం పందిట్లో బాగుండాలని లేదు కదా.

ఇదంతా నాకింత వివరంగా ఎలా తెలుసంటే, ఏ పెళ్ళింట్లోనైనా నేను ఖాలా పక్కనే బంకలా అతుక్కుని కూర్చునేదాన్ని. ఆమె రేకు పెట్టె మీద నాకు కన్ను. నన్ను దాన్ని ముట్టనిచ్చేది కాదు, అదొక కోపం. ఇంకొకటి కూడా ఉంది, చెప్పడానికి సిగ్గుగా ఉన్నా చెబుతాను. ఖాలా ముఖం నిండా స్ఫోటకం మచ్చలు. ఇంత అందవికారంగా ఉన్న మనిషికి అందం గురించి ఏం తెలుస్తుందని నేను లోపల్లోపల అనుకునేదాన్ని. పదేళ్ళ పిల్లకు అంత పొగరు ఎక్కడిదో మరి.

ఆ ఏడు వైశాఖంలో మా అక్క పెళ్ళి. మగపెళ్ళివారిది బల్మూరు వైపు, మాలాగే చెలక సేద్యం చేసుకునే కుటుంబం. పిల్లను చూడడానికి వచ్చినప్పుడు పెళ్ళికొడుకు తల్లి అక్కను పైనుంచి కిందికి చూసి, "పిల్ల మంచిదే గని, జర చాయ తక్కువ" అంది. ఆ మాట అక్క ముందే అంది. అక్క తల వంచుకుని చీర అంచు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ రాత్రి తను ఎంత సేపు ఏడ్చిందో పక్కన పడుకున్న నాకు తెలుసు. మా అక్కంటే నాకు ప్రాణం. నా జడ తనే వేసేది, నా కాలిలో ముల్లు తనే తీసేది. ఎలాగైనా పెళ్ళినాటికి అక్క ముఖం ఎర్రగా మెరిసిపోవాలని, ఆ అత్తగారి నోరు మూతపడాలని నేను మొక్కుకోని దేవుడు లేడు.

ఖాలా వచ్చిన రోజున మా అమ్మ కూడా అదే అడిగింది, జర తెల్లగా కొట్టమని. ఖాలా ఒప్పుకోలేదు. "ఎందుకమ్మా? తాళి గట్టంగ తెల్లగుంటది, తెల్లారి మొఖం కడుగంగ మల్ల గదే చాయ. అత్తగారింట్ల పిల్లనే మాట వడాలె. ఆమె చాయలనే ఆమెను మెరిపిస్త, నువ్వేం పరేషాన్ గాకు" అంది. అమ్మ సరేనని ఊరుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. చేతగాక సాకులు చెబుతోందనుకున్నాను.

పెళ్ళికి ముందు రోజు పొద్దున మా మేనత్త పారాణి కలుపుతుంటే చూశాను. పళ్ళెంలో పసుపు నీళ్ళు. అందులో ఇంత సున్నం వేసి వేలితో తిప్పగానే నా కళ్ళ ముందే పసుపంతా ఎర్రబడింది. ఎన్నిసార్లు చూసినా నాకు అది ఇంద్రజాలంలాగే ఉండేది. ఆ ఎరుపు చూస్తుండగానే నా బుర్రలో దయ్యం దూరింది. కాళ్ళు ఇంత ఎర్రగా అయితే బుగ్గలు ఎందుకు కావు? నలుగులోనూ పసుపే కదా ఉండేది? ఇంత సులువైన సంగతి ఖాలాకు తెలియలేదే అని నవ్వుకున్నాను కూడా.

మధ్యాహ్నం ఖాలా కంచు గిన్నెలో నలుగు కలిపింది. శనగపిండి, పసుపు, అరగదీసిన చందనం, మీగడ, కొంచెం ఎండు గులాబీరేకుల పొడి. దాని మీద తడిగుడ్డ కప్పి, మంచి ఘడియ రాగానే ముత్తైదువలను పెట్టమని చెప్పి, నమాజు చేసుకుని వస్తానని ఇంటికి వెళ్ళింది. ఆడవాళ్ళంతా వంటల దగ్గర ఉన్నారు. నేను నాయనమ్మ ఆకువక్కల సంచిలో నుంచి సున్నం డబ్బీ తీసి, అందులో ఉన్నదంతా వేళ్ళతో గీరి ఆ గిన్నెలో వేసి కలిపాను. పిండి మెల్లగా ఎర్రబారింది. నా సంతోషం చెప్పలేను. గుడ్డ మళ్ళీ కప్పి, డబ్బీ సంచిలో పెట్టి, ఏమీ ఎరగనట్టు పోయి అక్క పక్కన కూర్చున్నాను.

మేనత్త గుడ్డ తీసి చూసి, ఈసారి గులాబీలు ఎక్కువ వేసినట్టుంది అనుకుంది. అయిదుగురు ముత్తైదువలు పాట పాడుతూ అక్క బుగ్గలకు, మెడకు, చేతులకు పట్టించారు. కాసేపటికి అక్క మండుతోందని చిన్నగా అంది. పెళ్ళికూతురు అన్నాక ఆ మాత్రం ఓర్చుకోవాలన్నారు. ఇంకాసేపటికి అక్క కళ్ళ నుంచి నీళ్ళు కారడం మొదలైంది. పుట్టింటిని వదిలి వెళ్ళే బాధ అనుకున్నారు. అక్క చేతులు బిగబట్టుకుని వణుకుతుంటే అప్పుడు అమ్మకు అనుమానం వచ్చి తడిగుడ్డతో ఒక బుగ్గ తుడిచింది. కింద చర్మం కందిపోయి ఉబ్బి ఉంది. నేను కోరుకున్న ఎరుపు అది కాదు. ఆ పొద్దు గూకే లోపల మగపెళ్ళివారి బండ్లు వస్తాయి. తెల్లవారితే తాళి. చాయ తక్కువన్న ఆ తల్లి ముందు ఈ ముఖంతో అక్కను ఎలా కూర్చోబెట్టాలి? పెళ్ళి ఆగిపోతుందేమోనని అమ్మ అక్కడే కూలబడింది.

సరిగ్గా అప్పుడే ఖాలా గడప దాటి లోపలికి వచ్చింది. మా మేనత్త ఆమెను కూర్చోనివ్వలేదు, నిలబెట్టి అడిగింది. "ఏం గలిపినవ్ ఇండ్ల? పిల్ల మొఖం గాల్చినవ్ గదా. మన నలుగు సంగతి వీండ్లకేం తెలుస్తదని నేను ముందే అన్న" అని అమ్మ వైపు తిరిగింది. అంతకు ముందు ఆమె అలా ఎప్పుడూ అనలేదు. రెండేళ్ళ కింద తన కూతురి పెళ్ళికి ఖాలా వస్తే తప్ప కాదని బండి పంపించిన మనిషి ఆమె.

ఖాలా గిన్నె దగ్గర గొంతుకూర్చుని, కొంచెం పిండి వేళ్ళ మధ్య నలిపి చూసింది, వాసన చూసింది, నాలుక చివరకు తగిలించుకుంది. తరువాత తల ఎత్తి అక్కడున్న ఆడవాళ్ళ ముఖాలు కాదు, చేతులు చూసింది. ఒక్కొక్కరి చేతులే చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగింది. నలుగు పెట్టిన ముత్తైదువలు ఎప్పుడో కడుక్కున్నారు. నా వేళ్ళు మాత్రం గోళ్ళ సందుల దాకా ఎర్రగా ఉన్నాయి, ఆ పక్కనే సున్నం తెల్లగా ఎండి ఉంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. ఇక నా పని అయిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు అక్క ముఖం గుర్తు రాలేదు. నాకు పడబోయే దెబ్బలే గుర్తొచ్చాయి.

"నా చెయ్యే తప్పిందమ్మా" అంది ఖాలా. అంతే. ఆ మాట ఎంత మామూలుగా అందంటే, నాకు కూడా ఒక్క నిమిషం అది నిజమేనేమో అనిపించింది. వెంటనే నీళ్ళు అడిగింది. రెండు బిందెల చల్లటి నీళ్ళతో అక్క ముఖం, మెడ, చేతులు కళ్ళలో పడకుండా మెల్లగా కడిగింది. తరువాత పులిసిన మజ్జిగ తెమ్మంది. మజ్జిగ గిన్నె వచ్చాక నా వైపు చూసి, "నువ్వు రా బిడ్డా, గిన్నె వట్టుకో. గుడ్డ ముంచి ముంచి నాకియ్యి" అంది.

ఇంతమంది పెద్దవాళ్ళు ఉండగా నన్నెందుకు పిలిచిందో నాకు అర్థం కాలేదు. భయంతోనే వెళ్ళి కూర్చున్నాను. మొదటిసారి గుడ్డ ముంచగానే నా చెయ్యి పట్టుకుని మజ్జిగలో అలాగే కాసేపు అదిమి ఉంచింది. గుడ్డ పిండుతున్నట్టే నా వేళ్ళు, గోళ్ళు రుద్దింది. మజ్జిగ పులుపుకు నా వేళ్ళ మీది ఎరుపు విరిగిపోయి వట్టి పసుపు మిగిలింది. అందరి కళ్ళ ముందూ, అందరూ చూస్తుండగానే, నా తప్పు నా చేతుల మీద నుంచి కడిగేసింది. ఒక్కరికీ తెలియలేదు. ఆమె నా ముఖంలోకి చూడలేదు. నేను చూశాను. ఆ మచ్చల ముఖంలో కోపం కోసం వెతికాను, కనిపించలేదు. పని మీద ధ్యాస ఉన్న మనిషి ముఖం అది, అంతే.

ఆ సాయంత్రమంతా ఆమె అక్క పక్క నుంచి కదలలేదు. గడియకోసారి చల్లటి గుడ్డ మార్చింది, వాపు తగ్గాక వెన్న పల్చగా రాసింది. బండ్లు దిగిన మగపెళ్ళివారి ఆడవాళ్ళు పిల్లను చూస్తామంటే, పెళ్ళికూతురిని చేశాక దీపాలు పెట్టే వేళ చూపించకూడదని మా మేనత్త చేతనే ఏదో ఆచారం చెప్పించి పంపింది. అలాంటి ఆచారం మా ఊళ్ళో ఎప్పుడూ లేదు. తెల్లవారేసరికి మంట పోయింది, బుగ్గల మీద ఎరుపు జాడ మాత్రం ఉంది. దాని మీద నూనె అద్ది, చందనంలో చిటికెడు పసుపు కలిపి వేలి కొసతో తట్టి తట్టి, మెడ రంగుతో కలిసిపోయేదాకా దిద్దింది. పందిట్లో కూర్చోబెట్టి చూసింది, మళ్ళీ లోపలికి తెచ్చి ఎడమ బుగ్గ ఇంకొంచెం సవరించింది. తాళి కట్టే వేళ అక్క తన చాయలోనే నిగనిగలాడింది. ఆ అత్తగారు మా అమ్మతో, పిల్ల ఆనాటికంటే కళగా ఉందని తనంత తానే అంది.

పెళ్ళి అయిపోయాక పెళ్ళికూతురి తల్లి ఖాలాకు చీర పెట్టడం, పెళ్ళికూతురు తన చేత్తో ఆమెకు మిఠాయి తినిపించడం మా దగ్గర మామూలు. మా అమ్మ చీర పెట్టలేదు. చాటలో జొన్నలు పోసి ఇచ్చింది. ఖాలా వాటిని కొంగులో మూట కట్టుకుని, రేకు పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. అక్క అప్పటికే బండెక్కింది. నేను గుంజ పట్టుకుని నిలబడి చూస్తూనే ఉన్నాను. ఒక్క మాట, ఒకే ఒక్క మాట చాలు. నా నోట్లోంచి రాలేదు.

పిల్ల ముఖం కాల్చిందన్న మాట ఊరంతా పాకడానికి నాలుగు రోజులు పట్టలేదు. తరువాతి ముహూర్తాల్లో మా వీధిలోనే రెండు పెళ్ళిళ్ళయ్యాయి. రెంటికీ వనపర్తి నుంచి ఎవరినో పిలిపించారు. పల్లీల కాలం వచ్చింది. ఒకరోజు షావుకారు గోదాము ముందు నుంచి పోతుంటే, కూలివాళ్ళతో పాటు కూర్చుని ఖాలా పల్లికాయ ఒలుస్తోంది. ఆమె వేళ్ళు పగిలి ఉన్నాయి. ముఖం మీద పెడితే తగిలినట్టే తెలియని వేళ్ళవి. సుర్మా గీసే వేళ్ళవి.

నేను పోయి పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా, సున్నం నేనే కలిపానని చెప్పేశాను. చెబుతూ ఏడ్చాను కూడా. ఆమె పల్లికాయ ఒలవడం ఆపలేదు.

"ఎరుకే బిడ్డా" అంది.

మరి ఆరోజు ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తె ఏమైతుండె? నిన్ను గొడ్తుండ్రి. నిన్ను గొడ్తే మీ అక్క ఏడుస్తుండె. ఏడ్సిన మొఖం మీద ఏదీ నిలువది. నాకు ఆ పూట మీ అక్క మొఖమే పని" అంది. నాకు గుండె తేలికైపోయింది. లేచి వెళ్ళబోతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నాకు జెప్పి ఏం ఫాయిదా? నాకు ఎరుకున్నదే గదా. ఎరుక లేనోల్లకు జెప్పు" అంది. కోపంగా అనలేదు. అడిగినట్టు అంది. ఆ మనిషి నన్ను అడిగింది అదొక్కటే.

ఇంటికి పరిగెత్తుకుంటూ వచ్చాను. అమ్మ పొయ్యి ముందు కూర్చుని రొట్టెలు కొడుతోంది. ఇప్పుడే చెప్పేస్తానని ఎదురుగా పోయి నిలబడ్డాను. ఏందని తల ఎత్తి చూసింది. ఆకలవుతోందన్నాను. వేడి జొన్నరొట్టె మీద ఇంత నూనె, కారం వేసి ఇచ్చింది. కూర్చుని తినేశాను.

మరుసటి ఏడు ఖాలా ఊళ్ళో లేదు. గద్వాలలో చెల్లెలి కొడుకు దగ్గరికి పోయిందన్నారు. సందులో గది తలుపుకు తాళం కూడా వేయలేదు, లోపల ఏముందని వేస్తుంది? నేను చెప్పి ఉంటే ఆమె పోయేది కాదు. ఈ మాటను ఎన్ని విధాలుగా మెత్తబరచాలని చూసినా అది మెత్తబడలేదు.

పెద్దదాన్నయ్యాను, పెళ్ళయింది, నాగర్‌కర్నూలు కాపురానికి వచ్చాను. ఖాలా దగ్గర చూసి నేర్చుకున్నవన్నీ నలుగురికీ చెప్పాను. మెడ చూడమని, మోచేతి మడతలో పెట్టి చూడమని, ముందు నూనె అద్దమని. నా కూతుళ్ళకు చెప్పాను, మనమరాళ్ళకూ చెప్పాను. డబ్బాలో ఏముందో చదవకుండా పూసుకునే మునిమనుమరాలిని నిన్నగాక మొన్న తిట్టాను కూడా. నీకివన్నీ ఎలా తెలుసని అడిగితే, మా ఊళ్ళో ఒక ఖాలా ఉండేదని గొప్పగా చెప్పుకుంటాను. అక్కడి దాకానే చెబుతాను. ఆమె విద్యంతా వాడుకున్నాను, ఆమె మీద పడ్డ మాట మాత్రం అలాగే ఉంచాను.

మేనత్త పోయింది. అక్క కూడా పోయింది. బుగ్గ మీద చిన్న మచ్చ మిగిలిపోయిందని, అది ఖాలా గుర్తు అని చివరిదాకా నవ్వుతూ అనేది. అప్పుడైనా చెప్పాల్సింది. అమ్మ మంచాన పడ్డ రోజుల్లో ఒకసారి పాత పెళ్ళిళ్ళ మాట వచ్చి, "ఆ ఖాలా చేతుల్ల అంత విద్య ఉండె, మన పిల్లకే గట్లెందుకు జేసెనో" అంది. నేను ఆమె తలగడ సర్దుతూ వింటున్నాను. అమ్మకు ఇక మిగిలింది పదిహేను రోజులో నెలో అని నాకు తెలుసు. ఆ పూట కూడా తలగడ సర్ది, నీళ్ళు తాగించి, బయటికి వచ్చేశాను.

ఎవరి మీదైనా పదిమంది ఒక్కసారిగా మాట పడేస్తుంటే నా చేతులు వాటంతట అవే వెనక్కి పోతాయి. ఈ వయసులో కూడా. తప్పు నాది కాకపోయినా సరే. అప్పుడు వాటిని బలవంతాన ముందుకు తెచ్చుకుని, అసలేం జరిగిందో కనుక్కోండని అంటాను. నోరెక్కువని మావాళ్ళు అనేది అందుకే కావచ్చు. ఆ ఎక్కువ నోరు ఎక్కడ కావలసి ఉండిందో వాళ్ళకు తెలియదు.

ఎరుక లేనివాళ్ళకు చెప్పమంది ఖాలా. చెప్పవలసిన వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. ఇది చదువుతున్న మీరు ఉన్నారు, మీకూ ఇప్పటిదాకా తెలియదు. అందుకని మీకు చెబుతున్నాను. ఆమె చెయ్యి తప్పలేదు. ఆ గిన్నెలో సున్నం కలిపింది నేను.